పొగ లేని గది

ఆ రోజు ప్రయోగశాలలో అందరూ పొగ కోసం వెతికారు.

పచ్చి జీడికొమ్మలు, తడి ఆరని పిడకలు, వాటి మీద ఒక దోసెడు జీడిపిక్కల తొక్కు. ఈ మూడింటినీ కలిపి అంటిస్తే మామూలుగా అయితే పక్కనున్న మనిషి కూడా కనపడడు. గాజు గదిలో మంట చక్కగా మండుతోంది. పైనున్న గొట్టం మూతికి కట్టిన తెల్లగుడ్డ మాత్రం కట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఇస్మాయిల్ దాన్ని విప్పి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. వాసన కూడా చూశాడు.

"మా ఇంట్లో ఉతికి ఆరేసిన గుడ్డలు కూడా ఇంత తెల్లగా ఉండవు మేడమ్," అన్నాడు.

అందరూ నవ్వారు. దమయంతి నవ్వలేదు. నిప్పుల మధ్య కూర్చున్న గుప్పెడంత నల్లరాయిని చూస్తూ ఉండిపోయింది. ఆ క్షణాన ఆమె చెవుల్లో వాళ్ళమ్మ దగ్గు వినిపిస్తోంది.

వాళ్ళమ్మ అచ్చియ్యమ్మ ఉద్దానంలోని గెడ్డవూరులో పెళ్ళయిన నాటి నుంచీ జీడిపిక్కలు కాల్చింది. ఇంటి వెనక రేకు పెనం మీద పిక్కలు పోసి కాలుస్తుంటే తొక్కులోని నూనె భగ్గుమని, కళ్ళనూ గొంతునూ ఒకేసారి కోసే పొగ లేచేది. ఆ పొగలోనే మొగుణ్ణి పోగొట్టుకుంది, ఆ పొగలోనే ఇద్దరు పిల్లల్ని పెద్ద చేసింది. కూతురికి కెమిస్ట్రీలో డాక్టరేటు వచ్చిందని తెలిసిన రోజున ఆవిడ మెచ్చుకోలేదు, మురిసిపోలేదు. "ఇన్ని సదూలు సదివినావు గదే, ఈ పొగకేటైనా మందు సెప్పు," అంది.

ఇదిగో, ఇన్నేళ్ళకు మందు దొరికింది.

నిప్పు సంగతి నిజానికి చాలా చిన్నది. కట్టెలో కర్బనం ఉంటుంది, హైడ్రోజన్ ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ చాలినంత అందితే కర్బనం కార్బన్ డయాక్సైడ్ అయి, హైడ్రోజన్ నీటి ఆవిరి అయి మన జోలికి రాకుండా వెళ్ళిపోతాయి. వేడి మనకి మిగులుతుంది. అందకపోతేనే గొడవంతా. కాలీ కాలని కర్బనం మసి అయి, జిగురయి, పొగలో కలిసి కళ్ళలోకి వస్తుంది. దమయంతి రాయి ఆ మసిని దారిలోనే పట్టుకుంటుంది. సీరియం అనే లోహపు భస్మాన్ని మట్టిలో కలిపి కాల్చిన రాయి అది. గాలి నుంచి ఆక్సిజన్ తీసుకుని తనలో దాచుకుంటుంది, మసి వచ్చి తగిలితే ఇచ్చి కాల్చేస్తుంది, మళ్ళీ గాలి నుంచి నింపుకుంటుంది. కట్టె ఎంత పచ్చిదైనా దానికి లెక్కలేదు.

"ఒక్కటి మిగిలింది మేడమ్. గాలి తలుపు మూసి చూడలేదు," అన్నాడు ఇస్మాయిల్.

మూశారు. మంట కుంగింది. అయినా పొగ రాలేదు, గుడ్డ తెల్లగానే ఉంది. పక్కనున్న మీటరులో మాత్రం కార్బన్ మోనాక్సైడ్ ముల్లు లేచి, ఆగకుండా పైకి పోయింది. ఇస్మాయిల్ వేలితో మీటరును రెండుసార్లు తట్టాడు. మీటరు తప్పు లేదు. గాలి తలుపు తెరిస్తే ముల్లు దిగింది, మూస్తే లేచింది.

కాసేపటికి ఇద్దరికీ విషయం అర్థమైంది. గాలిలో ఆక్సిజన్ దొరక్కపోతే రాయి ఊరుకోవడం లేదు. తయారైన కార్బన్ డయాక్సైడ్ మీదే పడుతోంది. దానికున్న రెండు ఆక్సిజన్ పరమాణువుల్లో ఒకటి లాక్కుని మసికి పెడుతోంది. అలా అటు మిగిలేదీ మోనాక్సైడే, ఇటు పుట్టేదీ మోనాక్సైడే. దానికి రంగు లేదు, వాసన లేదు. రాయి పొగను తినడం మానలేదు కనుక పొగ కూడా లేదు.

"దీని పని పట్టాలంటే ఇంకో ఏడాది పడుతుందేమో," అన్నాడు ఇస్మాయిల్.

"మా ఊళ్ళో వంటిళ్ళు మీరు చూడలేదు ఇస్మాయిల్. పెంకుల సందుల్లోంచి వాన పడుతుంది, పిల్లులు దూరతాయి. తలుపులూ కిటికీలూ అన్నీ బిగించుకుని ఎవరైనా నిప్పు దగ్గర కూర్చుంటారా, చెప్పండి?" అంది దమయంతి.

ఇస్మాయిల్‌ది కర్నూలు. ఉద్దానం ఆడవాళ్ళ సంగతి ఉద్దానం ఆడమనిషికి తెలిసినట్టు తనకేం తెలుస్తుందనుకున్నాడు. సరేనన్నాడు. పొట్లం మీద 'గాలి ఆడే చోట వాడండి' అని ఒక వాక్యం వేయించారు. చిన్న అక్షరాలే, కానీ వేయించారు.

*

గెడ్డవూరు ఆడవాళ్ళు దానికి పొగమింగుడు రాయి అని పేరు పెట్టుకున్నారు. మహిళా సంఘాల ద్వారా ఉద్దానం అంతా పాకింది. గ్యాసు పొయ్యి టీకి, కూరకి మాత్రమే పనికొస్తుందని నమ్మే ఊళ్ళు అవి. పెద్ద ఎసరు పెట్టాలన్నా, స్నానాలకు నీళ్ళు కాచాలన్నా, పిక్కలు కాల్చాలన్నా కట్టెల పొయ్యి ఉండాల్సిందే. ఇప్పుడు ఆ పొయ్యి ముందు కొత్త చీర కట్టుకుని కూర్చోవచ్చు.

దమయంతి ఊరికి వెళ్ళినప్పుడల్లా ఆవిణ్ణి పెళ్ళికూతురిలా చూసేవాళ్ళు. జీడిపప్పు, కొబ్బరికాయలు, పనసతొనలు సంచుల్లో పెట్టి ఇచ్చేవాళ్ళు. అచ్చియ్యమ్మకి దగ్గు సగం తగ్గింది. "మా పెద్ద గుంట సేసిన రాయే," అని ఎవరు అడిగినా అడక్కపోయినా చెప్పేది.

ఇంట్లో దమయంతితో అందరికన్నా చనువుగా ఉండేది తమ్ముడి భార్య పుణ్యవతి. మనిషి సన్నం, నోరు పెద్దది. ఆ ఏడు ఆవిడకి నెలలు నిండుతున్నాయి.

"వదినా, నీ రాయి వొచ్చినాక నాకో కష్టం వొచ్చి పడిపోనాది. ముందయితే కూరలో ఉప్పెక్కువైతే పొగకి కళ్ళు కనపడనేదని సెప్పీదాన్ని. ఇప్పుడు మీ అమ్మకి ఏటని సెప్పను?" అంది.

"నిజం సెప్పు, వంట రాదని," అన్నాడు మొగుడు తవిటినాయుడు గుమ్మంలోంచి. అతను దమయంతికి ఒక్కగానొక్క తమ్ముడు.

"నువ్వు నోరు ముయ్యి," అని, పుణ్యవతి మళ్ళీ ఆడబిడ్డ వైపు తిరిగింది. "మొదటి పురుడు గదా, మా అమ్మ రమ్మంటంది. నాకైతే ఎల్లాలని నేదు. మాది ఉద్దానం కాదు గదా, మా వూర్లో ఇంకా నీ రాయి రానేదు. ఆ పొగలో పడుండమంటే నా వల్ల కాదు. ఇక్కడే ఉండిపోదునా?"

"ఉండిపో," అంది దమయంతి. తన రాయిని మెచ్చుకున్నందుకు లోపల పొంగిపోయింది కూడా. ఆ ఒక్క మాట తర్వాత ఆమెని ఎంత కాల్చిందో చెప్పడం కష్టం.

పుణ్యవతికి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా ఇంటికి వచ్చారు. ఫోనులో వినిపించిన పసిదాని ఏడుపు విని దమయంతి ప్రయోగశాలలో అందరికీ మిఠాయి పంచింది.

ఆ వారం లోపే, ఒక ఉదయం, తవిటినాయుడు ఫోన్ చేశాడు.

"అప్పా," అన్నాడు. అక్కని ఇంకోసారి అలాగే పిలిచాడు. చివరికి, "పుణ్య నేదప్పా," అన్నాడు.

*

చూడవచ్చిన డాక్టరు, బాలింతలకు ఒక్కోసారి రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు అడ్డం పడుతుందని చెప్పి వెళ్ళిపోయాడు. ఊరికి ఆ మాట పట్టలేదు. అచ్చియ్యమ్మకి అసలే పట్టలేదు.

"నానే సంపేసినాను," అంది దమయంతిని చూడగానే. కళ్ళలో నీళ్ళు లేవు. ఎండిపోయిన మొహంతో అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. "నానే సంపేసినానే అమ్మీ. పాపకి నీళ్ళు పోద్దుమని ఎత్తుకుని పెరట్లోకి వొచ్చినాను. రెండు సేతులా పిల్ల ఉన్నాది గదా, తలుపు సరిగ్గా మూసుకోనేదు. ఆ సందులోంచి గాలి జొరబడిపోనాది. బాలింతకి గాలి తగిలీసింది."

పుణ్యవతి పక్కన కూర్చున్న ఆడవాళ్ళలో ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంటూ, "మొకం సూడు ఎలాగున్నాదో. నిద్దరోతున్నట్టు. పెదాలు ఎలా ఎర్రగా ఉన్నాయో," అంది.

దమయంతి చూసింది. పెదాలు, బుగ్గలు, గోళ్ళు కూడా చెర్రీ పండు రంగులో ఉన్నాయి. మోనాక్సైడ్ రక్తంలోకి చేరి ఆక్సిజన్ కూర్చునే చోట కూర్చుంటే మనిషికి వచ్చే రంగు అదే. ఈ సంగతి ఆమె ఎన్నోసార్లు క్లాసుల్లో పాఠంగా చెప్పింది. విద్యార్థులు రాసుకునేవారు.

"కుంపటి ఎక్కడ పెట్టావమ్మా?" అని అడిగింది.

"మంచం కిందే. నీ రాయి ఏసినాను గదా, పిడకలు బాగా మండినాయి. కిటికీకి దుప్పటి కట్టీసినాను. గుమ్మం కింద గోనె కుక్కీసినాను. ముందయితే పొగకి ఉండనేక మాటిమాటికీ తలుపు తియ్యాల్సొచ్చీది. నిన్ను కన్నప్పుడు మా అమ్మ అలా తీస్తే, అప్పుడు పట్టుకున్న నడుంనొప్పి నాకు ఇప్పటికీ వొదల్నేదు. ఈ గుంటకలా అవకూడదనే గదా ఇంత సేసినాను." ఊపిరి పీల్చుకుని మళ్ళీ అంది. "తల పగిలిపోతన్నాదత్తా, ఒళ్ళు తూలిపోతన్నాది అంది తెల్లారి. గాలి సోకిందేటో అని ఇంకో రెండు పిడకలు ఏసినాను."

"మరి పాప?"

"పాపా బద్ధకంగానే ఉన్నాది. పాలు తాగనేదు. నీళ్ళు పోసినాక గుక్కపట్టి ఏడిసింది."

దమయంతి పాపని తన ఒళ్ళోకి తీసుకుంది. తలుపులూ కిటికీలూ అన్నీ బిగించుకుని ఎవరైనా నిప్పు దగ్గర కూర్చుంటారా అని నవ్వుతూ అడిగిన మనిషి తాను. తాను పుట్టిందే అలాంటి గదిలో. బాలింతకి గాలి తగలకూడదని ఉద్దానంలో పిల్లలకి కూడా తెలుసు. ఆమెకీ తెలుసు. తెలిసి తెలిసి ఆ గది ఎలా గుర్తు రాలేదు? వంటిల్లు గుర్తొచ్చింది, పెంకులు గుర్తొచ్చాయి, పిల్లి కూడా గుర్తొచ్చింది. ఆడమనిషి కని పడుకునే గది గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం, ఎందుకైనా మంచిదని చెప్పి పాపను పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళి ఆక్సిజన్ పెట్టించి, పరీక్షలు చేయించింది. పాప తేరుకుంది. "ఎందుకప్పా ఇదంతా?" అని తవిటినాయుడు అడిగితే, "ఊరికే," అంది.

*

ప్రయోగశాలకి తిరిగి వెళ్ళి, వెనకనున్న చిన్న సామాన్ల గది ఖాళీ చేయించింది. నవారు మంచం వేయించింది. మంచం కింద కుంపటి, కుంపటిలో పిడకలు, పిడకల మధ్య రాయి. కిటికీకి దుప్పటి కట్టింది, గుమ్మం కింద గోనె కుక్కింది. మంచం మీద మనిషి తల ఉండే చోట మీటరు పెట్టింది. బయటికి వచ్చి తలుపు అద్దంలోంచి చూసింది, పక్కనే ఇస్మాయిల్. మంచం చూడగానే అతనికి అర్థమైపోయింది.

ముల్లు లేచింది. గదిలో పొగ లేదు. పిడకలు ఎర్రగా, ముచ్చటగా మండుతున్నాయి. ఎవరు చూసినా అక్కడ పడుకుంటే హాయిగా ఉంటుందనుకుంటారు.

"ఇక చాలు మేడమ్," అన్నాడు ఇస్మాయిల్. తలుపు తెరిచాడు.

ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. ఇస్మాయిలే ముందు మాట్లాడాడు.

"నేనూ సరేనన్నాను. మీ ఒక్కరిదే కాదు తప్పు."

"ఇప్పుడేం చేద్దాం?"

"అదే తెలియడం లేదు. వెనక్కి తీసుకుంటే ఆ ఆడవాళ్ళందరూ మళ్ళీ పొగలోకి వెళ్ళాలి. పొగ కూడా చంపుతుంది మేడమ్. నెమ్మదిగా చంపుతుంది కాబట్టి ఎవరూ దాని పేరు చెప్పరు. మీ అమ్మగారికి మళ్ళీ దగ్గు మొదలవుతుంది."

"హెచ్చరిక పెద్ద అక్షరాలతో వేద్దాం. ఈలోగా రాయిని మారుద్దాం. గాలి తగ్గితే రాయి ఘాటు వాసన వదిలేలా చేయవచ్చు."

"మరి మీ ఇంట్లో ఏం చెబుతారు?"

దమయంతి లేచి వెళ్ళి కుంపటిలో నీళ్ళు పోసింది. డాక్టరు ఏదో అన్నాడు. ఊరు ఇంకేదో అనుకుంది. తన పేరు ఎవరి నోటా రాలేదు. పెద్దకర్మ అయ్యాక నెమ్మదిగా, సమయం చూసి చెబుదామనుకుంది. శాస్త్రవేత్తలు ఇలాంటప్పుడు ఇంకా పరిశీలించాలి అంటారు. భయం అనే మాటకి వాళ్ళకి తెలిసిన మర్యాద అదే. అప్పటికి ఆమె పరిశీలించాల్సింది ఏమీ మిగల్లేదు.

*

పెద్దకర్మ నాడు భోజనాలు అయ్యాయి. పందిట్లో ఆడవాళ్ళు విస్తళ్ళు ఎత్తుతున్నారు. తవిటినాయుడు పాపని ఒళ్ళో వేసుకుని ఒక మూల కూర్చున్నాడు. వాళ్ళమ్మ వైపు తిరిగి కూర్చోలేదు. ఆ పది రోజులుగా అతను తల్లితో మాట్లాడలేదు. అన్నం పెట్టినా తినలేదు, తలుపు మూసుకోలేని మనిషి చేతి అన్నం ఎందుకన్నట్టు. అచ్చియ్యమ్మ కూడా అడగలేదు. అది తనకి తగిన శిక్షే అన్నట్టు తల వంచుకుని తిరిగింది.

పక్కింటి ఎర్రమ్మ చేతులు కడుక్కుంటూ అచ్చియ్యమ్మ దగ్గరికి వచ్చింది. ఎర్రమ్మ కూతురు కుమారి ముందురోజే ఆసుపత్రి నుంచి బిడ్డతో వచ్చింది.

"నా లాగ సెయ్యకు ఎర్రమ్మా," అంది అచ్చియ్యమ్మ. "సందు అన్నది ఉండకూడదు. తలుపు తియ్యనే తియ్యకు. మా దమయంతి రాయి ఒకటి సాలకపోతే రెండేసుకో."

"రెండేసినాను వొదినా. కిటికీకి గోనెపట్టా మేకులు కొట్టించీసినాను. కింద గుడ్డలు కుక్కీసే వొచ్చినాను. సీమ కూడా దూరదు."

దమయంతి చేతిలోని విస్తళ్ళు కిందపడ్డాయి.

ఆవిడ పరుగెత్తింది. పెద్ద ఉద్యోగం చేసే మనిషి, కళ్ళజోడు మనిషి, చీర కాళ్ళకి అడ్డం పడుతుంటే కంచె దాటి పరుగెత్తడం ఊరంతా చూసింది. ఎర్రమ్మ ఇంటి లోపలి గది తలుపును భుజంతో గుద్దింది. కింద కుక్కిన గుడ్డలతో సహా తలుపు తెరుచుకుంది. లోపల వెచ్చగా ఉంది. పొగ లేదు. కుమారి మంచం మీద నోరు తెరుచుకుని పడి ఉంది, పక్కలో పసివాడు. దమయంతి ముందు పసివాణ్ణి ఎత్తి వెనకాలే వచ్చిన వాళ్ళ చేతికి ఇచ్చింది. కుమారి చంకల్లో చేతులు వేసి వసారాలోకి ఈడ్చింది. మళ్ళీ లోపలికి వెళ్ళి కుంపటిని రెండు చేతులా పట్టుకుని పెరట్లోకి విసిరేసింది. అరచేతులు కాలాయి. అది ఆవిడకి తర్వాత ఎప్పుడో తెలిసింది.

"ఓలమ్మో, బాలింతని గాల్లో పడీసినాదే!" అని ఎర్రమ్మ గుండెలు బాదుకుంది. "నీకేటి పిచ్చి పట్టిందే? ఒకింటి దీపం ఆరిపోనాది సాలదా?"

కుమారి వాంతి చేసుకుంది. కళ్ళు తెరిచి, "తల పగిలిపోతన్నాదమ్మా," అంది. పసివాడు ముందు మూలిగాడు, తర్వాత ఊరంతా వినపడేలా ఏడ్చాడు. తవిటినాయుడు పాపని ఎత్తుకునే వచ్చి జనం మధ్య నిలబడ్డాడు. తల పగిలిపోతన్నాదనే మాట అతను విన్నాడు. పుణ్యవతి అన్న మాటే అది.

"గాలి కాదు," అంది దమయంతి. "పుణ్యని చంపింది గాలి కాదు. నా..."

అచ్చియ్యమ్మ జనాన్ని తోసుకుని వచ్చి కూతురి నోటి మీద చెయ్యి పెట్టింది.

"నోర్ముయ్యే," అంది. తర్వాత చెవి దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడనంత మెల్లగా, "పాపని పట్నం ఎందుకు తీసికెల్లినావో నాకిప్పుడు తెలిసిపోనాదే. నువ్వు ఊరికే భయపడవు. సెప్పకు. నానే తలుపు తీసినానని అందరూ అనుకుంటన్నారు, అనుకోనీ. నానింకెన్నాళ్ళుంటాను? నీకు బోలెడు బతుకున్నాది. ఆడు నీకు ఒక్కడే తమ్ముడు," అంది.

ఆ ముసలిచెయ్యి పిక్కలు ఒలిచి ఒలిచి నల్లబడింది, మొరటుదేరింది. దమయంతికి ఒక్క క్షణం ఆ చెయ్యి అలాగే ఉండిపోతే బాగుండుననిపించింది. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం కాదు, ఇంకాస్త ఎక్కువే. తర్వాత కాలిన తన చేత్తో దాన్ని పక్కకి తీసింది.

"నా రాయి చంపింది," అంది తమ్ముడి మొహం చూస్తూ. "తలుపు మూసిన గదిలో అది విషం వదులుతుంది. వాసన ఉండదు. అమ్మ తలుపు సరిగ్గా మూయలేదని కాదురా, అసలు మూయడమే కొంప ముంచింది. అలా మూయవచ్చని ధైర్యం ఇచ్చింది నా రాయి. ముందులా పొగ వచ్చి ఉంటే అమ్మే పదిసార్లు తలుపు తీసేది."

ఎర్రమ్మ వంగి కుమారి తలని ఒళ్ళోకి తీసుకుంది.

"ముందే తెలుసునా నీకు?" అన్నాడు తవిటినాయుడు.

"తెలుసు."

"తెలిసీ ఇక్కడ ఉండిపొమ్మన్నావా దాన్ని?"

"ఆ గది గుర్తు రాలేదురా."

అతను పాపని గుండెకి అదుముకుని ఇంటి వైపు నడిచాడు. నాలుగు అడుగులు వేశాక ఆగి, వెనక్కి వచ్చి, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. దమయంతి వైపు చూడలేదు.

*

దమయంతి సంస్థకి రాసి ఇచ్చింది, పత్రికలకి చెప్పింది. రాయిని వెనక్కి తీసుకోవాలని నిర్ణయమైంది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలే వరకు ఇంట్లో కూర్చోమన్నారు. ఆవిడ ఇంట్లో కూర్చోకుండా ఊరూరూ తిరిగి రాళ్ళు అడగడం మొదలుపెట్టింది. ఇస్మాయిల్ సెలవు పెట్టి తోడు వచ్చాడు. రాయికి ఘాటు వాసన నేర్పే పని ఎన్నాళ్ళకి తెములుతుందో అతను చెప్పలేకపోయాడు.

రాళ్ళు ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఒకామె పోయిందంది. ఒకామె పగిలిపోయిందంది. ఇంకొకామె రాయిని పెట్టిన కుంపటి మీద కూర్చున్నంత పని చేసి, "తలుపు తీసుకునే వొండుకుంటాం తల్లీ, నీకు దణ్ణం. మళ్ళీ ఆ పొగలోకి తొయ్యకు," అంది. ఇవ్వడానికి వచ్చినప్పుడు కళ్ళకద్దుకున్న చేతులే ఇప్పుడు వెనక్కి దాక్కుంటున్నాయి.

చివరికి గెడ్డవూరు వచ్చింది. తమ్ముడింటి గుమ్మం ముందు నిలబడి లోపలికి వెళ్ళాలో వద్దో తేల్చుకోలేకపోయింది. ఇస్మాయిల్ తాను వీధి చివర ఉంటానని వెళ్ళిపోయాడు.

అచ్చియ్యమ్మ వంటింట్లోంచి చూసి, "నిలబడ్డావేటి, రా," అంది.

పొయ్యిలోంచి నల్లరాయిని పటకారుతో తీసి, నీళ్ళు చల్లి, చల్లారాక కూతురి ఒళ్ళో పెట్టింది. "మొదట నాదే ఇచ్చినట్టు అందరికీ సెప్పు. అప్పుడిత్తారు," అంది. తర్వాత పచ్చి జీడికొమ్మలు పొయ్యిలో పెట్టి ఊదింది.

పొగ లేచింది. పాత పొగ. పెంకుల వరకు లేచి, సందుల్లోంచి కొంత బయటికి పోయి, మిగిలింది కిందికి దిగింది. అచ్చియ్యమ్మ దగ్గింది. తల్లి కళ్ళు ఎర్రబడ్డాయి, నీళ్ళు కారడం మొదలుపెట్టాయి. ఆవిడ తుడుచుకోలేదు.

"కళ్ళు మండుతున్నాయా అమ్మా?"

"మండనీ," అంది అచ్చియ్యమ్మ. "దాన్ని మోసుకెల్లిన నాడు కూడా నాకు ఏడుపు రానేదే. కళ్ళు రాయైపోనాయి. ఇప్పుడు పొగ వొచ్చినాది గదా, నీళ్ళు పోనీ." పొయ్యి ముందు కూర్చుని, ఊదుడుగొట్టం ఒళ్ళో పెట్టుకుని, "నా పుణ్యమ్మా, నా తల్లీ," అని పెద్దగా ఏడ్చింది. దమయంతి కూడా ఏడ్చింది. ఆ గదిలో ఎవరి కన్నీళ్ళు పొగవో, ఎవరి కన్నీళ్ళు దుఃఖానివో అడిగేవాళ్ళు లేరు.

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. తవిటినాయుడు పాపని భుజాన వేసుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. లోపల పొగ తెర కట్టి ఉంది. పాప తుమ్మింది. అతను దాని మొహాన్ని తన చొక్కాలో దాచుకున్నాడు. పొగలో కూర్చున్న ఇద్దరినీ చూశాడు. ఎవరెవరో పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. పోల్చుకున్నాక వెళ్ళిపోతాడనే దమయంతి అనుకుంది.

అతను వెళ్ళలేదు. ఆ రోజు తర్వాత మొదటిసారి అక్కతో మాట్లాడాడు.

"అప్పా," అన్నాడు. "ఆ పెరటి తలుపు బార్లా తియ్యి. పిల్లకి ఊపిరాడతనేదు."

దమయంతి రాయిని కింద పెట్టి, లేచి వెళ్ళి తలుపు తీసింది.